అమ్మ ఫోనులో బిడ్డ వయసెంత?

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ



పిల్లల వయసుకు తగని ఆన్‌లైన్ దృశ్యాలను, రాతలను ఎలా కట్టడి చేయాలన్న చర్చ దేశంలో మళ్లీ ఊపందుకుంది. పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదంటూ ఆస్ట్రేలియా చేసిన చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి రావడం, ఆ చట్టాన్ని తమ ప్రభుత్వం అధ్యయనం చేస్తోందని ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖ మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో చెప్పడం, యూట్యూబ్ కార్యక్రమాల్లో హద్దు మీరుతున్న మాటల విషయంలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని మార్గదర్శకాలు అడగడం దగ్గర దగ్గరగా జరిగాయి. నియంత్రణ అక్కరలేదని వాదించడం ఈ లేఖ ఉద్దేశం కాదు, అది కావలసిందే. కానీ ఇప్పటిదాకా వచ్చిన నిబంధనల వెనుకా, రాబోతున్నవాటి వెనుకా ఒక ఊహ దాగి ఉంది. ప్రతి పిల్లవాడికీ ఒక ఫోను, అందులో తన పేరిట ఒక ఖాతా, ఆ ఖాతాలో తన పుట్టినతేదీ ఉంటాయన్నదే ఆ ఊహ. తెలుగు రాష్ట్రాల్లోని మామూలు ఇళ్లలో అది నిలవదు కాబట్టి, దాని మీద కట్టిన రక్షణ కూడా నిలవడం లేదు.

ప్రథమ్ సంస్థ గ్రామీణ భారతంలో జరిపే అసర్ సర్వే 2024 నివేదికను చూస్తే, 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉంది, 82 శాతం మందికి దాన్ని వాడటం వచ్చు. అయితే వాడటం వచ్చినవారిలో సొంత ఫోను ఉన్నవారు పద్నాలుగేళ్ల వయసులో 27 శాతం మాత్రమే, పదహారేళ్లకు వచ్చేసరికి కూడా 38 శాతానికి మించలేదు. మిగిలినవాళ్లంతా అమ్మ ఫోనో, నాన్న ఫోనో, అన్న ఫోనో అడిగి తీసుకునేవాళ్లే. సర్వేకు ముందు వారంలో చదువు పనికి ఫోను వాడామన్నవారు 57 శాతం కాగా, సోషల్ మీడియా చూశామన్నవారు 76 శాతం ఉన్నారు. పద్నాలుగేళ్లు నిండనివారి సంగతి ఈ అంకెల్లో లేదు గాని, వాళ్ల చేతిలో ఉండేది పెద్దల ఫోనేనని ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

ఈ పంచుకున్న ఫోనులో జరిగేదాన్ని కాస్త దగ్గరగా చూడవలసి ఉంటుంది. మూడేళ్ల బిడ్డకు అన్నం తినిపిస్తూ తల్లి తన ఫోనులో యూట్యూబ్ తెరిచి ఒక తెలుగు పిల్లల పాట పెట్టి, ఫోనును నీళ్ల చెంబుకు ఆనించి నిలబెడుతుంది. ఖాతా తల్లిది కాబట్టి కంపెనీ లెక్కలో చూస్తున్న మనిషి వయసు ముప్పై ఏళ్లు. పాట అయిపోగానే ఆటోప్లే, అంటే ఎవరూ అడగకుండానే తర్వాతి వీడియోను మొదలుపెట్టే ఏర్పాటు, తన పని తాను చేసుకుపోతుంది. దాని కింద షార్ట్స్ అనే పొట్టి వీడియోల వరుసలో నిన్న రాత్రి తల్లి చూసిన సీరియల్ ముక్కలు, తండ్రి చూసిన నేరకథనాలు, వాటిని చూసినవారికి ఇవీ నచ్చుతాయని అల్గారిథం ఎంచి తెచ్చిన 'వదిన–మరిది' కథల థంబ్‌నెయిళ్లు పేర్చి ఉంటాయి. మెతుకులంటిన చిన్నవేలు ఎక్కడ తగిలితే అది తెరుచుకుంటుంది. ఇందులో తల్లి తప్పేమీ లేదు, చట్టం దృష్టిలో కంపెనీ తప్పూ లేదు, ఎందుకంటే ముప్పై ఏళ్ల మనిషికి చూపదగినదే అది చూపింది.

కట్టడి చేయవలసిన సామగ్రి అంతా ఒకటే రకం కానందున, మందూ ఒకటే కాజాలదు. మొదటిది ఎవరూ, ఏ వయసువారూ చూడకూడనిది, అంటే పిల్లలపై లైంగిక దోపిడీని చూపేది. ఐటీ చట్టంలోని 67బి సెక్షను దీన్ని తయారు చేయడాన్నే కాక వెతకడాన్ని, డౌన్‌లోడ్ చేయడాన్ని కూడా నేరంగా ప్రకటించి, మొదటిసారి దోషిగా తేలితే అయిదేళ్ల దాకా జైలు, పది లక్షల రూపాయల దాకా జరిమానా నిర్ణయించింది. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మిగిలిన సందేహాలను చాలావరకు తీర్చింది. రెండోది పెద్దలకు చట్టబద్ధమే అయినా పిల్లలకు తగనిది. మూడోది విడిగా చూస్తే పెద్ద ప్రమాదంగా కనిపించకపోయినా, రోజూ వందసార్లు కళ్ల ముందుకు తెస్తే లేతమనసును వంచేది: తిండి మానేసి సన్నబడే చిట్కాలు, తనను తాను గాయపరచుకోవడాన్ని గొప్పగా చూపే రీల్స్, 'నిన్న అయిదు వందలు పెట్టి యాభై వేలు తీశాను' అంటూ బెట్టింగ్ యాప్‌లకు చేసే ప్రచారం. మొదటి రకానికి పోలీసులు, రెండో రకానికి గేటు, మూడో రకానికి వడ్డన మీద అదుపు కావాలి. మన నియంత్రణ ఇప్పటికీ పోలీసుల దగ్గరా, గేటు దగ్గరా ఆగిపోయి ఉంది.

గేటు అనే ఆలోచన కొత్తదేమీ కాదు. నేరాలను, క్రూరత్వాన్ని, జుగుప్సను బొమ్మల కథలుగా అచ్చువేసి పిల్లలకు అమ్మకూడదంటూ పార్లమెంటు 1956లోనే ఒక చట్టం చేసింది. సినిమాలకు 'యు', 'ఎ' సర్టిఫికెట్ల మధ్య 'యు/ఎ' అనే మెట్టు 1983లో వచ్చింది. 2023 సవరణతో ఆ మెట్టు మళ్లీ ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అన్న మూడు మెట్లుగా విడిపోయింది. ఓటీటీల విషయంలో ఈ మెట్లను తమ శాఖ 2021 ఫిబ్రవరి 25న ప్రకటించిన ఐటీ నిబంధనలే ముందుగా తెచ్చాయి. వాటి ప్రకారం ప్రతి చిత్రానికీ, ధారావాహికకూ ప్రచురణకర్త తానే వయసు తరగతి నిర్ణయించి తెర మీద చూపాలి. పదమూడేళ్లు, అంతకు పై తరగతులకు పేరెంటల్ లాక్, అంటే తల్లిదండ్రుల దగ్గర ఉండే పిన్‌తో తెరుచుకునే తాళం ఉండాలి, 'ఎ' తరగతికి నమ్మదగిన వయసు నిర్ధారణ ఉండాలి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటే.

చిక్కంతా ఆ నిబంధనల నిర్మాణంలో ఉంది. రెండో భాగం యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ వంటి మధ్యవర్తి సంస్థలకు, అంటే ఇతరులు పెట్టిన సామగ్రిని చేరవేసే వేదికలకు వర్తిస్తుంది, దాన్ని చూసుకునేది తమ శాఖ. మూడో భాగం ఓటీటీలకు, డిజిటల్ వార్తాసంస్థలకు వర్తిస్తుంది, దాన్ని చూసుకునేది సమాచార ప్రసార శాఖ. వయసు మెట్లూ, తాళాలూ మూడో భాగంలోనే ఉన్నాయి. ఫలితంగా 'ఎ' సర్టిఫికెట్ పొందిన తెలుగు సినిమా థియేటరు గుమ్మంలో పిల్లలను ఆపుతుంది, ఓటీటీలో పిన్ అడుగుతుంది, కానీ అదే సినిమాలో తల తెగిపడే సన్నివేశం నలభై సెకన్ల ముక్కగా షార్ట్స్‌లోకో రీల్స్‌లోకో చేరేసరికి దాని నుదుటి మీది అక్షరం చెరిగిపోతుంది. సెన్సార్ బోర్డు సభ్యులు కూర్చుని కోతలు, హెచ్చరికలు నిర్ణయించిన శ్రమంతా ఆ నలభై సెకన్లలో నీళ్లపాలవుతుంది. రెండు శాఖల సరిహద్దులో పడిన ఈ ముక్క బాధ్యత ఎవరిదని అడిగితే, ఇద్దరు అధికారులు ఒకరి వైపు ఒకరు చూపించగలరు. సర్టిఫికెట్ ఉన్న చిత్రం నుంచి తీసిన ఏ ముక్క అయినా మూలచిత్రపు వయసు తరగతిని తనతోపాటు మోసుకుపోవాలన్న నిబంధన చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు. పాటల, సన్నివేశాల కాపీరైటు గుర్తించడానికి వేదికలు ఇప్పటికే వాడుతున్న పోలిక సాంకేతికత దీనికి సరిపోతుంది. డబ్బు పంచుకోవడానికి క్షణంలో గుర్తుపట్టే యంత్రం పిల్లల కోసం గుర్తుపట్టలేనంటే నమ్మడం కష్టం.

మూసివేత మార్గం సంగతి తమ శాఖకు అనుభవంలోనే ఉంది. 2015 జులై 31న 857 వెబ్‌సైట్లను మూయమని వెలువడిన ఉత్తర్వు గగ్గోలు రేగడంతో కొద్దిరోజుల్లోనే సడలింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం తర్వాత 827 సైట్లు మూతపడ్డాయి. పేరులో ఒక అక్షరం మార్చి అవే సైట్లు మళ్లీ తెరుచుకోవడం, వీపీఎన్ ద్వారా, అంటే ఫోను వేరే దేశంలో ఉన్నట్టు చూపించే ఉచిత యాప్ ద్వారా పిల్లలు వాటిని చేరడం తెలియనిదేమీ కాదు. మూసివేత పూర్తిగా వృథా అనలేము. అనుకోకుండా తగిలే పసివాడిని అది ఆపుతుంది, వెతుక్కుంటూ వెళ్లే పదిహేనేళ్లవాడిని ఆపదు. దాని నుంచి అంతకు మించి ఆశించినప్పుడే నిరాశ కలుగుతుంది.

మొదటి రకం సామగ్రి విషయంలో మాత్రం గట్టి పని జరిగిందని ఒప్పుకోవాలి, దాని మొదలు కూడా ఒక లేఖే కావడం ఇక్కడ చెప్పుకోదగినది. హైదరాబాద్‌లోని ప్రజ్వల సంస్థ 2015లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ హెచ్.ఎల్. దత్తుకు రాసిన ఉత్తరాన్ని, వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోలతో కూడిన పెన్‌డ్రైవ్‌ను సుప్రీంకోర్టు సుమోటోగా, అంటే ఎవరూ పిటిషన్ వేయకుండానే తనంతట తానుగా విచారణకు తీసుకుంది. ఆ కేసులో వెలువడిన ఆదేశాల ఫలితంగానే 2018 సెప్టెంబరులో జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు పోర్టల్ మొదలై, పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు పౌరులకు కలిగింది. 2019లో జాతీయ నేర రికార్డుల బ్యూరో అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ అనే బాలల రక్షణ సంస్థతో ఒప్పందం చేసుకున్నాక, ఇలాంటి సామగ్రిని ఎవరైనా ఎక్కించినప్పుడు వేదికలు ఇచ్చే సమాచారం రాష్ట్ర పోలీసులకు చేరుతోంది. వెతికి పట్టుకునే బాధ్యత వేదికల మీద పెట్టినప్పుడు వ్యవస్థ కదిలిందన్న పాఠం ఇందులో ఉంది.

ఇప్పుడు చర్చ అంతా వయసు నిర్ధారణ చుట్టూ తిరుగుతోంది. 'మీకు 18 ఏళ్లు నిండాయా?' అని అడిగి 'అవును' బటన్ నొక్కగానే తలుపు తీసే తంతుకు కాలం చెల్లిందన్న మాట నిజమే, పన్నెండేళ్ల పిల్లలకు ఆ బటన్ ఎక్కడుంటుందో చూడకుండానే తెలుసు. ఆధార్ వంటి గుర్తింపుతో వయసు తేల్చవచ్చన్న సూచన 2025 నవంబరులో సుప్రీంకోర్టు విచారణలోనూ వినిపించింది. కానీ బ్రిటన్ అనుభవం జాగ్రత్త చెబుతోంది. అక్కడ 2023 నాటి ఆన్‌లైన్ భద్రతా చట్టం కింద 2025 జులై 25 నుంచి అశ్లీల సైట్లు ముఖం ఫొటోతోనో గుర్తింపు పత్రంతోనో వయసు తేల్చుకోవడం తప్పనిసరి కాగా, ఆ వారంలోనే వీపీఎన్ యాప్‌లు డౌన్‌లోడ్ల పట్టికలో పైకెక్కాయి. అదే ఏడాది అక్టోబరులో డిస్కార్డ్ అనే సంభాషణల వేదికకు సేవలందించే మరో సంస్థ వ్యవస్థలోకి చొరబాటు జరిగి, వయసు వివాదాల పరిష్కారం కోసం వాడుకరులు పంపిన గుర్తింపు పత్రాల చిత్రాలు సుమారు 70 వేల మందివి బయటపడి ఉండవచ్చని ఆ వేదికే ప్రకటించింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చిన దేశంలో, ఒక వీడియో చూడటానికి ఆధార్ సంఖ్య అడగడమంటే పిల్లలను కాపాడే పేరుతో పెద్దలందరి చూపులకూ చిట్టా తయారు చేయడమే అవుతుంది.

అంతకన్నా ముఖ్యమైన అభ్యంతరం మరొకటి ఉంది. ఎంత పకడ్బందీగా తేల్చినా, తేలేది ఖాతాదారు వయసే. అమ్మ ఆధార్‌తో తెరిచిన ఖాతా అమ్మ వయసునే చెబుతుంది. ఆస్ట్రేలియా చట్టం పిల్లలనూ తల్లిదండ్రులనూ శిక్షించకుండా, తగిన చర్యలు తీసుకోని వేదికకే 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా వేస్తుందన్నది మెచ్చుకోదగినదే అయినా, అది నిషేధించేది ఖాతాను. లాగిన్ కాకుండా యూట్యూబ్ చూసే పిల్లవాడు అక్కడ కూడా దాని పరిధిలోకి రాడు. సొంత ఫోన్లు, సొంత ఖాతాలు ఎక్కువగా ఉన్న దేశంలోనే ఈ కంత మిగిలితే, ఇంటికొక ఫోను ఉన్న చోట అదే చట్టం ఎంతమందిని కాపాడుతుందో ఊహించవచ్చు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ కంతకు మన దేశపు ఉదాహరణ. దాని తొమ్మిదో సెక్షను 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడటానికి తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి కావాలంటుంది, పిల్లల అలవాట్లను వెంబడించి గమనించడాన్ని, వారిని గురిచూసి ప్రకటనలు వేయడాన్ని నిషేధిస్తుంది, ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటుంది. అలవాట్లను గమనించి తర్వాతి వీడియోను ఎంచడమే కదా ఆటోప్లే చేసేది. ఆ లెక్కన ఈ సెక్షను సరిగ్గా గాయం ఉన్న చోటే చెయ్యి పెట్టింది. కానీ చూస్తున్నది బిడ్డ అని కంపెనీ గుర్తించినప్పుడే ఆ నిషేధం మేలుకుంటుంది. నీళ్ల చెంబుకు ఆనించిన ఫోనులో అది నిద్రపోతూనే ఉంటుంది.

దీనికి విరుగుడు అమెరికాలో ఇప్పటికే ఒకటుంది. అక్కడి 1998 నాటి బాలల ఆన్‌లైన్ గోప్యతా చట్టాన్ని ఉల్లంఘించినందుకు గూగుల్, యూట్యూబ్ 2019లో 17 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకున్నాక, 2020 జనవరి నుంచి పిల్లల కోసం చేసిన వీడియోలకు ప్రత్యేక గుర్తు పెట్టాల్సి వచ్చింది. ఆ గుర్తు ఉన్న వీడియోను ఎవరు చూస్తున్నా, ఖాతాలో వయసు ఎంత ఉన్నా, చూసేది పిల్లవాడేనని భావించి సమాచార సేకరణ తగ్గిస్తామని, వ్యక్తిగత ప్రకటనలు, వ్యాఖ్యలు ఆపుతామని యూట్యూబ్ చెప్పింది. ఇక్కడ చట్టం ఖాతాను వదిలి చూస్తున్న వస్తువును పట్టుకుంది. ఈ సూత్రాన్ని ప్రకటనలతో ఆపకుండా తర్వాతి వీడియో ఎంపికకు కూడా విస్తరించడం ఈ లేఖ కోరే ప్రధానమైన మార్పు. పిల్లల గుర్తు ఉన్న వీడియో నడుస్తున్నంతసేపూ, అది ముగిశాక పెద్దవారు పిన్ కొట్టి వెనక్కి మార్చేదాకా, తెర ముందున్నది బిడ్డే అన్న లెక్కతో వేదిక నడుచుకోవాలి. ఆటోప్లే ఆగాలి, షార్ట్స్ వరుస కనిపించకూడదు, సిఫారసులు ఏడేళ్ల మెట్టు దాటకూడదు. పిన్ కొట్టడం పెద్దలకు ఒక చిన్న విసుగు, అంతకు మించిన నష్టమేమీ ఉండదు.

ఇలాంటి నిర్మాణపరమైన ఆదేశాలను కంపెనీలు పాటించవన్న నిరాశకు ఆధారం లేదు. పిల్లల వయసుకు తగిన రూపకల్పన నియమావళిని బ్రిటన్ 2020 సెప్టెంబరులో తెచ్చి ఏడాది గడువిచ్చింది. ఆ గడువు ముగియబోతుండగా 2021 ఆగస్టులో యూట్యూబ్ పద్దెనిమిదేళ్లలోపు ఖాతాల్లో ఆటోప్లేను ఆపి ఉంచుతామంది, టిక్‌టాక్ కూడా టీనేజీ పిల్లల ఫోన్లకు రాత్రిపూట నోటిఫికేషన్లు మానేస్తామంది. ఒక్క సైటూ మూయకుండా, ఒక్కరి గుర్తింపు పత్రం అడగకుండా వచ్చిన మార్పులివి.

వయసు మెట్ల విషయంలో మన చట్టాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవన్నది మరో లోటు. సినిమాకు ఏడు, పదమూడు, పదహారు అన్న తేడా తెలిసిన రాజ్యానికి డేటా చట్టం దగ్గరికి వచ్చేసరికి మూడేళ్ల పాపా, పదిహేడేళ్ల ఇంటర్ విద్యార్థినీ ఒకే తరగతి అయ్యారు. నెలసరి గురించో, ఒంటిలో వస్తున్న మార్పుల గురించో, తనపై జరుగుతున్న వేధింపును ఎవరితో చెప్పాలో తెలుసుకోవడానికో ఆ విద్యార్థిని ఫోనులో వెతికినప్పుడు, శరీరానికి సంబంధించిన ప్రతి మాటనూ అశ్లీలంగా లెక్కించే మొరటు జల్లెడ అడ్డుపడితే, నియంత్రణ రక్షించవలసిన మనిషినే అది ఒంటరిని చేస్తుంది. ఇంట్లో అడగలేని ప్రశ్నలే పిల్లలు ఫోనును అడుగుతారు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలోని 17వ అధికరణం హానికరమైన సమాచారం నుంచి కాపాడటాన్నీ, ఉపయోగకరమైన సమాచారాన్ని అందించడాన్నీ ఒకే చోట చెప్పింది, 1992లో ఆ ఒప్పందంలో చేరిన భారతదేశం రెంటికీ కట్టుబడి ఉంది.

చివరగా భాష. తెలుగులో అసభ్యత ఎక్కువగా తెలుగు లిపిలో ఉండదు. అది ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగులో, అచ్చుతప్పుల్లో, ఇద్దరికే అర్థమయ్యే ద్వంద్వార్థాల్లో, ఊరి పేరో వంటకం పేరో చాటున ఉంటుంది. 2024 జులైలో ఒక తండ్రీకూతుళ్ల వీడియో మీద కొందరు ప్రత్యక్ష ప్రసారంలో నవ్వుతూ అన్న మాటలు పెద్ద దుమారం రేపి తెలంగాణ పోలీసులు అరెస్టు దాకా వెళ్లారు. ఆ మాటలను మొదట పట్టుకున్నది విన్న జనమే. ఇంగ్లిషు మీద తర్ఫీదు పొందిన యంత్రానికి ఆ నవ్వులోని విషం తెలియదు, తెలుగు తెలిసిన సమీక్షకుడికి ఒక్క వాక్యంతో తెలుస్తుంది. అటువంటి సమీక్షకులు ఏ వేదికకు ఎంతమంది ఉన్నారన్నది బయటివారికి తెలిసే ఏర్పాటు నిబంధనల్లో లేదు.

2021 నిబంధనల ప్రకారం 50 లక్షలకు మించి వాడుకరులున్న వేదికలు నెలనెలా నివేదిక ఇస్తున్నాయి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని లింకులు తీసేశారో అందులో ఉంటుంది, ఏ భాషలో అన్నది చెప్పాలన్న షరతు లేదు. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సేవల చట్టం మాత్రం పెద్ద వేదికలు ప్రతి అధికార భాషకూ ఎంతమంది మానవ సమీక్షకులను నియమించుకున్నాయో విడివిడిగా చెప్పాలంటుంది. సుమారు అయిదున్నర లక్షల జనాభా ఉన్న మాల్టా దేశపు భాషకు కూడా ఆ లెక్క తప్పదు. 2011 జనగణన ప్రకారం 8.11 కోట్ల మంది మాట్లాడే తెలుగుకు అటువంటి లెక్క లేదు. ఇక గడువుల విషయానికి వస్తే, డేటా రక్షణ నిబంధనలను 2025 నవంబరులో ప్రకటిస్తూ ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అది 2027 మేలో ముగుస్తుంది. పిల్లల వీడియో తర్వాత ఏం చూపాలన్న నియమాన్ని ఆ గడువు లోపల రూపొందించవచ్చు. నెలవారీ నివేదికలో భాషల వారీగా ఫిర్యాదులు, తొలగింపులు, సమీక్షకుల సంఖ్య చూపే పట్టికను మాత్రం అంతదాకా ఆపనక్కరలేదు. సంప్రదింపులకు ఒక నెల ఇచ్చి, తర్వాతి త్రైమాసికం నుంచే ఆ పట్టికను తప్పనిసరి చేస్తూ తమ శాఖ ఉత్తర్వు వెలువరించాలని ఈ లేఖ కోరుతోంది.